డిగ్రీ లేకపోతే డబ్బు రాదా? ఉంటే వస్తుందా?

(ఇచ్ఛాపురంలో మన ఆదివాసీ యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం ఒకటే. డబ్బు సంపాదించాలంటే డిగ్రీ కావాలా, అక్కర్లేదా?

మన ఊళ్లలో ఈ ప్రశ్నకి రెండు జవాబులు తిరుగుతున్నాయి. ఒకటి, "డిగ్రీ సదివినోడు ఏటి సంపాదించినాడు? పక్కింటి గుంటడు టెన్త్ తప్పి వెల్డింగుకెళ్లి సిమెంటిల్లు కట్టినాడు కదా." రెండోది, "సదువు లేకపోతే మన బతుకు ఈ కొండ మీదే ఆగిపోద్ది. అప్పు చేసైనా డిగ్రీ సదవాల." రెండూ మనవాళ్లు మన మీద ప్రేమతో అన్న మాటలే. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ ఏ ఒక్కదాన్ని పట్టుకుని నడిచినా దెబ్బ తింటాం.

నా మాట ముందే చెప్పేస్తాను. డిగ్రీ లేకుండా బాగా సంపాదించినవాళ్లు ఎంతమందో ఉన్నారు. డిగ్రీ పెట్టెలో పెట్టుకుని రోజు కూలికి పోతున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ వేరు చేసేది ఆగగలిగే శక్తి. ఈ పూట గడవడానికి చేతిలో ఉన్నదాన్ని ఈ పూటే అమ్మేయాల్సిన అవసరం లేనివాడు పైకొస్తాడు. చేతిలో ఉన్నది జీడి పిక్కల బస్తా అయినా, డిగ్రీ సర్టిఫికెట్ అయినా ఇదే లెక్క. ఇది ఎలాగో మన ప్రాంతం నుంచే చూపిస్తాను.

పలాస తీసుకుందాం. జీడిపప్పు వ్యాపారానికి డిగ్రీ ఎవరూ అడగరు. పిక్కలు ఎండబెట్టడం, ఉడకబెట్టడం, కొట్టి పప్పు తీయడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, సైజు చూసి వేరు చేయడం. ఇందులో ఏ పనీ కాలేజీలో నేర్పరు. అయినా ఆ వ్యాపారంలో కోట్లు తిరుగుతున్నాయి.

ఇప్పుడు మన వైపు లెక్క చూడండి. ఉద్దానంలో పిక్కల ధర 80 కేజీల బస్తా లెక్కన మాట్లాడతారు. పిక్క బరువులో పప్పు సుమారు నాలుగో వంతు. అంటే బస్తాకి 18 నుంచి 20 కేజీల పప్పు. దాన్ని మళ్లీ గ్రేడు చేస్తారు. డబ్ల్యూ 180, 240, 320 అని డబ్బాల మీద ఉంటుంది కదా, అది పౌనుకి, అంటే సుమారు 450 గ్రాములకి, ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే అంకె. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. కొండవాలు మీద చెట్టు పెంచింది మనవాళ్లు. ఎండలో పిక్క ఏరింది మనవాళ్లు. ఫ్యాక్టరీల్లో చేతులు నల్లబడేలా కొట్టి, పొట్టు తీసేది పేదింటి ఆడవాళ్లు. బస్తాకి 16 వేలు ఇవ్వాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కారు కూడా. అయినా ధర చెప్పేది కొనేవాడే. ఎందుకు?

పిక్క రాలేది ఎండాకాలం. ఆ రెండు మూడు నెలల్లోనే అందరూ అమ్మాలి. వ్యాపారికి గోడౌను ఉంది. బ్యాంకులో అప్పు పుడుతుంది. మన పిక్క లేకపోతే ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చే పిక్క ఉంది. అతను ఆగగలడు. మన ఇంట్లో బియ్యం అయిపోయాయి, ఆసుపత్రి ఖర్చుంది, పిక్క రాకముందే తీసుకున్న అడ్వాన్సు ఉంది. మనం ఆగలేం. ఇద్దరి మధ్య ఉన్న తేడా చదువు తేడా కాదు. ఒక బస్తాని మూడు నెలలు ఇంట్లో ఉంచుకోగలమా లేదా అన్నదే తేడా.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. జీడి మొక్క మళ్లీ నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది. కొబ్బరికి ఇంకా ఎక్కువ. ఆ ఏళ్లు గడవడానికి ఇంకో ఆదాయం ఉన్న ఇల్లు తోట వేసుకుంటుంది. లేని ఇల్లు రైలెక్కుతుంది.

డిగ్రీ కూడా ఆ జీడి మొక్క లాంటిదే. మూడేళ్లు నీళ్లు పోయాలి. ఆ మూడేళ్లు ఇంటికి కూలి డబ్బు రాదు. డిగ్రీ అయ్యాక కూడా కాయ వెంటనే చేతిలో పడదు. నోటిఫికేషన్ కోసం చూడాలి, కోచింగుకి పోవాలి, పరీక్ష, ఫలితం, కోర్టు కేసు, మళ్లీ ఎదురుచూపు. ఆగగలిగిన ఇంటి పిల్లాడు నాలుగోసారి రాసి ఉద్యోగం కొడతాడు. ఆగలేని ఇంటి పిల్లాడు ఒక్కసారి రాసి, వచ్చే నెలలోనే హైదరాబాదులోనో, చెన్నైలోనో గోడౌనులో లెక్కలు రాసే పనిలో చేరిపోతాడు. ఇద్దరి డిగ్రీ ఒక్కటే.

మన గుంటలకి ఫోన్లో వీడియోలు చూపిస్తున్నారు. "బిల్ గేట్స్ కాలేజీ మానేశాడు. ధీరూభాయ్ అంబానీ టెన్త్ వరకే చదివాడు. డిగ్రీ దండగ." మాట నిజమే, కానీ మిగతా సగం చెప్పరు. బిల్ గేట్స్ మానేసింది హార్వర్డ్ యూనివర్సిటీ. ఆయన తండ్రి లాయరు. తల్లి బ్యాంకు డైరెక్టరు. 1968లోనే, ఇంకా హైస్కూల్లో ఉండగానే, ఆయన చదివిన ప్రైవేటు బడిలో కంప్యూటర్ టెర్మినల్ ఉంది. కంపెనీ మునిగిపోతే తిరిగి వెళ్లడానికి ఇల్లుంది, కాలేజీ సీటుంది. అంబానీది అంత డబ్బున్న ఇల్లు కాదు. తండ్రి బడి పంతులు. ఆయన కుర్రతనంలోనే ఏడెన్ వెళ్లి, ఒక పెద్ద వ్యాపార సంస్థలో ఏళ్ల తరబడి పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఆయన పుట్టింది తరతరాలుగా వ్యాపారం చేసే కులంలో. సరుకు ఎవరిస్తారో, అప్పు ఎక్కడ పుడుతుందో చెప్పే మనుషులు చుట్టూ ఉన్నారు. డిగ్రీ బదులు వాళ్ల చేతిలో ఇంకోటి ఉంది. మన చేతిలో ఆ ఇంకోటి ఏముంది? ఈ ప్రశ్న అడక్కుండా "డిగ్రీ దండగ" అంటే, అది మన పిల్లల్ని కూలికి పంపే మాట అవుతుంది.

మరి డిగ్రీ ఉంటే చాలా? ఆ మాటా చూద్దాం. కేంద్ర ప్రభుత్వ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం 2022–23లో 15 ఏళ్లు దాటినవాళ్లలో మొత్తం నిరుద్యోగం 3.2 శాతం. డిగ్రీ చదివినవాళ్లలో 13.4 శాతం. నాలుగు రెట్లు! దీన్ని చూసి "చూసినావా, సదివితేనే ఉద్యోగం లేదు" అంటారు. తొందరపడొద్దు. చదువు లేనివాడు నిరుద్యోగిగా ఉండలేడు. ఖాళీగా ఉంటే ఆ రోజు పొయ్యి వెలగదు. దొరికిన పనికి దొరికిన కూలికి పోతాడు, సర్వేలో అతన్ని పని ఉన్నవాడిగానే రాసుకుంటారు. డిగ్రీ చదివినవాడు తగ్గ పని కోసం ఎదురుచూస్తాడు కాబట్టి నిరుద్యోగి కింద లెక్కకొస్తాడు. అంటే ఆ 13.4 శాతంలో ఎదురుచూపు కూడా ఉంది. ఆ ఎదురుచూపు ఎవరు భరించగలరు అన్నది అంకెలో కనపడదు.

ఇంకో అంకె. 2021–22 లెక్కల్లో దేశంలో కాలేజీ వయసు పిల్లల్లో ఉన్నత చదువులో చేరిన నిష్పత్తి 28.4. ఎస్టీల్లో 21.2. డిగ్రీ విలువ తగ్గిపోయిందని పైవాళ్లు అంటున్న కాలానికి మనం ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాం.

అందుకే "డిగ్రీ చదవాలా వద్దా" అని గుండుగుత్తగా అడిగితే లాభం లేదు. ఏ తలుపుకి ఏ కాగితం కావాలో విడివిడిగా తెలుసుకోవాలి.

టెన్త్ కాగితం ఉంటే పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి అప్లై చేయొచ్చు. అందులో పరీక్ష కూడా లేదు, టెన్త్ మార్కులే చూస్తారు. రైల్వేలో లెవెల్ 1 పోస్టులు, అగ్నివీర్ కూడా టెన్త్‌తోనే. మన రాష్ట్రంలో పోలీస్ కానిస్టేబుల్‌కి ఇంటర్ పాసవ్వాలి. కానీ ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు టెన్త్ పాసై, ఇంటర్ రెండేళ్లు చదివి పరీక్షలు రాసుంటే చాలని నోటిఫికేషన్లలో సడలింపు ఉంటుంది. ఇది తెలియక, "ఇంటర్ తప్పాను, నాకు రాదు" అని అప్లికేషనే పెట్టనివాళ్లు మనలో ఉన్నారు. సెకండరీ గ్రేడ్ టీచరుకి ఇంటర్, ఆపైన డీఈడీ. 2019లో సచివాలయాల కోసం లక్షకు పైగా పోస్టులు తీశారు కదా, అందులో లైన్‌మన్ పని చేసే ఎనర్జీ అసిస్టెంట్‌కి అడిగింది ఎలక్ట్రికల్ ఐటీఐ లాంటి చదువు. పంచాయతీ కార్యదర్శికి, సంక్షేమ విద్యా సహాయకుడికి డిగ్రీ. గ్రూప్–1, గ్రూప్–2, బ్యాంకు ఆఫీసరు, స్కూల్ అసిస్టెంట్, ఇవన్నీ డిగ్రీ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తాయి. ఆ కుర్చీల్లోనే మన ఊరి రేషను, పెన్షను, పట్టా, కుల ధ్రువీకరణ అన్నీ నడుస్తాయి. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు వెల్డింగు మాట. ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి, కవిటి. ఈ పక్క నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కి, సింగపూర్‌కి పోయేవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. పని నేర్చిన వెల్డరు సంపాదన ముందు ఇక్కడ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే బీఎస్సీ జీతం నిలవదు. ఇది ఒప్పుకోవాలి. చేతిపనిని తక్కువ చూడటం మన ఆదివాసీ అలవాటు కాదు, అది బయటి నుంచి వచ్చిన జబ్బు.

కానీ ఇక్కడా ఆగలేనివాడే మోసపోతాడు. తొందర మీద ఉన్న కుర్రాడికి ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెడతాడు. అప్పు లక్ష రూపాయలు, నూటికి మూడు రూపాయల వడ్డీ అనుకోండి. నెలకి మూడు వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీకే పోతుంది. రూల్ ఏమిటో తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు మాత్రమే మనుషుల్ని పంపాలి. అతను తీసుకోగలిగే ఫీజు గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ–మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. టెన్త్ పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేసియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. అది అడ్డంకి కాదు, మనకి కాపలా. ఆ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద దొంగదారిన పోయినవాడికి ఇవేవీ ఉండవు. వెల్డరుకి డిగ్రీ అక్కర్లేదు, నిజమే. కానీ కాంట్రాక్టు చదివి, "ఇందులో జీతం ఎంత రాశారు, ఓటీ ఎంత రాశారు" అని అడిగే చదువు తప్పకుండా కావాలి.

డిగ్రీ విలువ మన కష్టం మీద మాత్రమే ఉందని కూడా అనుకోవద్దు. ప్రభుత్వం ఒక కాగితం మార్చితే డిగ్రీ ధర మారిపోతుంది. 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఆదివాసీలకే అని. ఏజెన్సీలో ఒక తరం టీచర్ ట్రైనింగ్ చదివింది ఆ ధైర్యంతోనే. చదివితే మన ఊరి బడిలోనే పని దొరుకుతుంది, పిల్లలకి మన భాషలో చెప్పొచ్చు అన్న నమ్మకంతోనే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. అదే ట్రైనింగ్, అదే సర్టిఫికెట్. విలువ మాత్రం ఒక్క రోజులో పడిపోయింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అన్నారు. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని మనవాళ్లు రోడ్డు మీద కూర్చున్నది అందుకే.

మన పరిస్థితి ఇంకా వింత. మందస, మెళియాపుట్టి, నందిగాం వైపు షెడ్యూల్లో చేరని ఆదివాసీ ఊళ్లు చాలా ఉన్నాయి. అదే సవర, అదే జాతాపు, అదే కొండ. కానీ 1/70 చట్టం ఆ ఊళ్ల భూమిని కాపాడదు. జీవో 3 ఉన్న రోజుల్లో కూడా దాని నీడ ఆ ఊళ్ల మీద పడలేదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన ఆదివాసీలకి సొంత ఐటీడీఏ కేంద్రం లేకుండా పోయింది. కోచింగు, హాస్టలు, బ్యాక్‌లాగ్ పోస్టులు, స్వయం ఉపాధి రుణాలు, ఏది అడగాలన్నా పక్క జిల్లా దాకా పోవాలి. ఇలాంటి చోట "నువ్వు కష్టపడి చదివితే చాలు, డబ్బు అదే వస్తుంది" అని పిల్లలకి చెప్పడం న్యాయం కాదు. కష్టపడాలి. పక్కనే పోరాడాలి కూడా.

ఇప్పుడు కుర్చీల మాట. డిగ్రీ వల్ల ఒక్క మనిషికి జీతం రావచ్చు, రాకపోవచ్చు. కానీ ఊరికి మాత్రం చదివినవాళ్లు ఉండి తీరాలి. ఎందుకంటే మన సంపద జీతంలో కంటే భూమిలో ఎక్కువ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చూడండి. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద, కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు, అంటే సుమారు పదెకరాల వరకు హక్కు ఇవ్వొచ్చు. దరఖాస్తు తిరస్కరిస్తే పై కమిటీకి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అరవై రోజులు! కాగితం వచ్చిందని తెలియడానికే మన తాతకి ఆర్నెల్లు పడుతుంది. ఆ కాగితం అదే రోజు చదివి, గ్రామసభ తీర్మానం జతచేసి, రసీదు తీసుకుని వచ్చే ఒక చెల్లెలు ఊళ్లో ఉంటే, ఆమె కాపాడిన మూడెకరాలు ఎన్నేళ్ల జీతానికి సమానం? ఆమెకి ఉద్యోగం రాలేదని ఆమె డిగ్రీని దండగ అందామా?

శ్రీకాకుళ పోరాటం కథ విన్నవాళ్లకి వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పేర్లు తెలుసు. ఇద్దరూ మేస్టార్లు. కొండల్లోకి వచ్చిన మేస్టార్లు పిల్లలకి అక్షరాలు చెప్పి ఊరుకోలేదు. కూలి లెక్క, అప్పు లెక్క, భూమి లెక్క అడగమని పెద్దలకి చెప్పారు. ఆనాడు ఆ లెక్క అడగడానికి బయటి నుంచి మేస్టారు రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ మేస్టారు మన ఇంట్లోనే తయారవ్వాలి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ఇంట్లో ఆగే శక్తి తగ్గినప్పుడు మొదట ఆగిపోయేది అమ్మాయి చదువే. "ఇంటర్ అయ్యింది కదా, సంబంధం వచ్చింది" అంటారు. పక్క ఒడిశాలో ఉపర్‌బేడ అనే సంతాల్ ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి అమ్మాయి భువనేశ్వర్‌లో బీఏ చదివింది. మొదటి ఉద్యోగం సాగునీటి, విద్యుత్ శాఖలో జూనియర్ అసిస్టెంటు. తర్వాత బడిలో టీచరు. 2022లో దేశానికి రాష్ట్రపతి అయింది. ద్రౌపదీ ముర్ము రాజకీయాలతో మనకి తేడాలు ఉండొచ్చు, ఉన్నాయి కూడా. నేను చెప్పేది రాష్ట్రపతి పదవి గురించి కాదు, ఆ జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం గురించి. ఆ మొదటి మెట్టుకి కావాల్సింది ఆ మూడేళ్లు ఆమెని ఎవరూ ఆపకపోవడం. మన చెల్లెళ్లకి ఆ మూడేళ్లు ఇద్దాం.

ఇక ఏం చేద్దాం? ఒక్కొక్కరికి విడిగా చెప్తాను.

టెన్త్ తప్పిన తమ్ముడూ, ముందు అది పూర్తి చెయ్. సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. ఏ దారికి పోయినా ఆ కాగితం అడుగుతారు. ఇది ఒక్కటి మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు.

ఇంటర్ అయి నిలబడ్డవాళ్లు ఇంట్లో కూర్చుని ఒక ప్రశ్న నిజాయితీగా అడగండి. "మన ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు?" ఏడాది, రెండేళ్లే అయితే ఐటీఐ, నర్సింగ్ అసిస్టెంట్ లాంటి చిన్న కోర్సు చూడండి. పని మొదలైన తర్వాత దూరవిద్యలో డిగ్రీ చదవొచ్చు. ఐదారేళ్లు ఆగగలమంటే డిగ్రీకి పోండి, కానీ ఏ తలుపు కోసం పోతున్నారో చేరే రోజే రాసిపెట్టుకోండి. ఊళ్లో అందరూ చేరారని చేరొద్దు. సీటు ఖాళీగా ఉందని ఏజెంటు ఫోన్ చేస్తే అస్సలు చేరొద్దు.

డిగ్రీలో ఉన్నవాళ్లు ఆ మూడేళ్లలో చేతికి ఒక పని నేర్చుకోండి. టైపింగు, ట్యాలీ, డ్రైవింగు, మోటారు రిపేరు, ఏదైనా సరే. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగడానికి ఆ పనే మీకు బియ్యం పెడుతుంది.

డిగ్రీ అయి ఇంట్లో ఉన్న అన్నా, అప్పా, సిగ్గుపడొద్దు. ఊరికి మీరు కావాలి. ప్రభుత్వ వన్‌ధన్ పథకంలో 20 మంది చొప్పున 15 గ్రూపులు, మొత్తం 300 మంది కలిస్తే ఒక కేంద్రం. దానికి 15 లక్షల వరకు సాయం ఉంది. చింతపండు, కొండచీపుర్లు, జీడి పిక్కలు నిల్వ పెట్టి, శుభ్రం చేసి, ధర వచ్చినప్పుడు అమ్మడానికే అది. చాలా చోట్ల ఇలాంటివి లెక్కలు రాసే మనిషి లేకే మూలపడతాయి. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. దాని తూకం, దాని రేటు అడిగే హక్కు మనకుంది. మన అమ్మ ఏరిన పిక్క, మన అప్ప రాసిన లెక్క, మన తమ్ముడు నడిపిన ఆటో కలిస్తే ఆ బస్తా మూడు నెలలు ఆగుతుంది. అందులో ఒక్కరికే డిగ్రీ ఉంటుంది. లాభం మాత్రం ముగ్గురిదీ.

అమ్మలకి, నాన్నలకి ఒక్క మాట. పిల్లాడి డిగ్రీ కోసం భూమి అమ్మొద్దు, కుదవ పెట్టొద్దు. ఫీజు ప్రభుత్వం కట్టాలి. అది మన హక్కు. కట్టకపోతే సంఘంగా వెళ్లి అడుగుదాం. ఫీజు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే ఒక్కరే వెళ్లి బతిమాలొద్దు, మమ్మల్ని పిలవండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేవి కూడా ఈ ఆగే శక్తి కోసమే. స్కాలర్‌షిప్ సమయానికి రావాలి. డిగ్రీ అయ్యాక కూడా కోచింగు కాలానికి హాస్టలు ఉండాలి. శ్రీకాకుళం జిల్లా ఆదివాసీలకి ఐటీడీఏ కావాలి. షెడ్యూల్లో చేరని మన ఊళ్లని చేర్చాలి. ఏజెన్సీ టీచర్ పోస్టులు ఆదివాసీలకి దక్కేలా చట్టం తేవాలి. పోడు భూమికి పట్టా ఇవ్వాలి, ఆ పట్టా మీద బ్యాంకు పంట రుణం ఇవ్వాలి. ఇవి జాలిపడి ఇచ్చేవి కావు. డబ్బున్న ఇళ్లకి తాతలిచ్చిన ఆస్తి ఎలాగో, మనకి ఇవి అలాగ.

డిగ్రీ లేకపోయినా బతకొచ్చు. డిగ్రీ ఉన్నా చితికిపోవచ్చు. ఒంటరిగా ఉంటే ఆగలేం, ఆగలేకపోతే వచ్చిన ధరకే అమ్ముడుపోతాం, పిక్క అయినా మనిషి అయినా. ఈ సమావేశం నుంచి ఇంటికెళ్లాక ప్రతి ఊళ్లో ఒక పుస్తకం తెరవండి. టెన్త్ తప్పినవాళ్లు ఎంతమంది, ఇంటర్‌తో ఆగినవాళ్లు ఎంతమంది, డిగ్రీ అయి ఖాళీగా ఉన్నవాళ్లు ఎంతమంది, పట్టా రానివాళ్లు ఎంతమంది, పేర్లతో రాయండి. వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు పట్టుకుని రండి. అక్కడి నుంచి పని మొదలుపెడదాం.

జోహార్! జై ఆదివాసీ!